అందింది అనేదాకా

దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి, అదే వచ్చిన చిక్కు. ఒక్కటైనా ఎర్రగా వెలిగి ఉంటే సర్వర్లో ఆ డిస్కు పీకేసి, కొత్తది పెట్టి, చేతులు దులుపుకుని ఈపాటికి స్కూలు దారిలో ఉండేవాణ్ణి. కింద హాల్లో పార్సెళ్ళు తీసుకునే కౌంటర్ల ముందు జనం గుమ్మందాకా నిలబడ్డారు, ఒక్కో పార్సెలు వివరాలు కొట్టాక "నమోదైంది" అని తెరమీద రావడానికి యుగం పడుతోందని కౌంటరు అమ్మాయి ఫోను చేసింది, "సార్, ఇక్కడొక పెద్దాయన నా మొహం మీదే తిడుతున్నాడు, మీ సర్వరు మొహం ఆయనకి కనపడదు కదా" అంది. నిజమే, సర్వరుకి మొహమంటూ ఉంటే సగం తిట్లు అదే తినేది. బయట ఎండ మాడ్చేస్తోంది, ఈ గదిలో నేను స్వెట్టరు వేసుకుని కూర్చున్నాను, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఫ్యాన్ల హోరు చెవుల్లోంచి తలలోకి దూరి అక్కడే కాపరం పెట్టింది. ప్రాసెసరు దాదాపు ఖాళీగా ఉంది. మెమరీ బోలెడు మిగిలి ఉంది. డిస్కుల్లో కావలసినంత జాగా ఉంది. అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు, పని మాత్రం సాగడం లేదు. అచ్చం మా ఇంట్లో లాగే అనుకోబోయి ఆపుకున్నాను, ఇంటిని ఆఫీసుకీ ఆఫీసుని ఇంటికీ మోసుకెళ్ళే అలవాటు నాకు లేదు. ఉందని అక్క అంటుంది.

అక్క నాలుగింటికల్లా స్కూల్లో ఉండాలి, నేనూ వస్తానన్నాను, రాలేనని ఇంకా చెప్పలేదు. మా పిచుకని కింది తరగతిలో కూర్చోబెడతామంటున్నారు. పిచుకంటే అక్క కూతురు, ఆ పేరు నేను పెట్టిందే, పుట్టినప్పుడు అంతే ఉండేది. క్లాసులో మాత్రం దాన్ని తాబేలంటారట, ఆ మాట అది చెప్పలేదు, పక్కింటి పిల్ల చెప్పింది. పరీక్షలో సగం ప్రశ్నలకి జవాబులుండవు. రాసినవన్నీ ఒప్పులే, కానీ రాసేది సగమే. పెద్ద టీచరు మంచిదే, మెత్తగానే చెప్పింది, పాపకి తెలివుందండీ, వేగం లేదు, ఓ ఏడాది వెనక్కి వేస్తే నిలదొక్కుకుంటుంది, తల్లిగా మీరు ఒప్పుకుంటే చాలు అంది. కళ్ళ డాక్టరు చూశాడు, చెవుల డాక్టరు చూశాడు, రక్తం తీశారు, రిపోర్టులన్నీ బంగారం. మా బావ లారీ మీద ఉంటాడు, ఇల్లు చూడ్డం ఎప్పుడో ఒకసారి, వచ్చినప్పుడు నన్నూ అక్కనీ కలిపి "మీ వంశమే నత్తల వంశం, నా పిల్లకి నా పోలిక రాలేదు" అని నవ్వి పడుకుంటాడు. పిచుక నవ్వదు. నిన్న సాయంత్రం నా పక్కన కూర్చుని అడిగింది, "మావయ్యా, కింది క్లాసు బెంచీలు నాకు చిన్నవైపోతాయి కదా, మోకాళ్ళు తగులుతాయి కదా" అని. నేను కాఫీ తాగుతూ ఉండిపోయాను.

సరే, ఇది చూడు ముందు. ఎవరి మాటా నమ్మకు, కొలిచి చూడు, ఇదొక్కటే నాకొచ్చిన విద్య. పొద్దున్నించీ తలో మాటా అంటున్నారు. ప్రోగ్రాము రాసినవాడు డిస్కులు ముసలివైపోయాయంటాడు, డిస్కులమ్మినవాడు ప్రోగ్రాము చెత్తగా రాశారంటాడు, ఇద్దరూ కలిసి నెట్‌వర్కు వాణ్ణి చూపిస్తారు, వాడు అసలు ఫోనే ఎత్తడు. మా మేనేజరు, ఆయన్ని మేమంతా తొందరగారంటాం, వెనకాల, రెండుసార్లు తలుపు తీసి "ఒక్కసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టి చూడవయ్యా" అని వెళ్ళిపోయాడు, ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే, ఇంట్లో టీవీకి కూడా అదే చేస్తాడనుకుంటా. నేను కొలిచాను. చదవమంటే చదివేస్తోంది, ఎప్పటి పార్సెలు వివరాలడిగినా టక్కున తెచ్చి ముందు పెడుతోంది. రాయమంటేనే వస్తోంది తంటా. ఏదో ఒక్క డిస్కు కాదు, ఏదో ఒక్క ప్రోగ్రాము కాదు, ఎవరు ఏం రాయమన్నా ప్రతి రాతా అదే తీరుగా, అంతే ఆలస్యంగా, ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడి, కింద హాల్లో జనం లాగే. రాసినదాంట్లో తప్పు లేదు. ఒక్క అక్షరం పోలేదు. చదవడంలో చురుకు, రాయడంలో నత్త, తప్పు మాత్రం లేదు. ఈ మాట ఇంతకుముందే ఎక్కడో విన్నట్టనిపించింది, తల విదిలించుకున్నాను, ఫ్యాన్ల హోరుకి మెదడు మొద్దుబారుతుందంటారు, అదీ కావచ్చు.

పిచుక చదువుతుంటే వినాలి. కథల పుస్తకం చేతికిస్తే గుక్క తిప్పుకోదు, మధ్యలో గొంతులు మారుస్తుంది, నక్కకి ఒక గొంతు, ముసలమ్మకి ఒక గొంతు. అదే పిల్ల చేతికి పెన్సిలిచ్చి కూడిక రాయమంటే నిన్న ఏం చేసిందో చూశాను కదా, ఓరకంట చూశాను, చూసి కూడా చూడలేదు. మొదటి లెక్క చేసింది. ఒప్పే. దాని కింద వేలు పెట్టి మళ్ళీ చేసింది. అదే జవాబొచ్చింది. రబ్బరు తీసుకుని రాసింది చెరిపేసింది, చెరిపి మళ్ళీ అదే అంకె రాసింది, ఇంకొంచెం గుండ్రంగా. తర్వాత నా మొహంలోకి చూసింది. నేను ఫోను చూస్తున్నాను. అది మళ్ళీ చెరిపింది. చివరికి కాయితం అక్కడ పల్చబడి చిరిగింది, చిరగ్గానే దాని పెదవి వణికింది, "ఇప్పుడెలా మావయ్యా" అంది, ఇల్లు కూలిపోయినట్టు. కొత్త పేజీలో చేసుకోవే, దానికంత ఏడుపా అన్నాను. నిదానమే ప్రధానం అని ఒకరు, ఆలస్యం అమృతం విషం అని ఇంకొకరు, మన భాషలో రెండూ ఉన్నాయి, ఎవరికి కావలసింది వాళ్ళు వాడుకోవచ్చు, పిల్లలు మాత్రం రెంటి మధ్యా పడి నలుగుతారు.

కార్డు చూడలేదు నేను. డిస్కులు చూశాను, ప్రోగ్రాము చూశాను, మధ్యనున్న కార్డు సంగతే మర్చిపోయాను. సర్వరు రాయమన్నది నేరుగా డిస్కుకి పోదు, మధ్యలో ఒక కార్డుంటుంది, దానికి కాస్త సొంత మెమరీ ఉంటుంది. రాయాల్సింది రాగానే చేతిలోకి తీసుకుని "అందింది" అనేస్తుంది, తీరిగ్గా తర్వాత డిస్కుల్లో సర్దుతుంది. ఈలోపు కరెంటు పోతే? అందుకే దాని వెనక ఓ చిన్న బ్యాటరీ, చేతిలో ఉన్నదాన్ని కరెంటొచ్చేదాకా కాపాడుతుంది. ఆ బ్యాటరీ ఉందన్న ధైర్యంతోనే కార్డు అంత చులాగ్గా అందింది, అందింది అంటూ పోతుంది. కార్డు తన సంగతులు తనే రాసుకునే లాగ్ ఫైలు తెరిచాను, పైకీ కిందికీ తిప్పాను, మామూలు సొదంతా పోగా ఒక్క వాక్యం దొరికింది. బ్యాటరీని ఇక నమ్మలేం, కాబట్టి చేతిలో ఉంచుకోవడం మానేశాం, ఏది వచ్చినా డిస్కులో పడ్డాకే జవాబిస్తాం. అంతే. అది ఎర్రర్ కూడా కాదు, "సమాచారం మాత్రమే" అని దాని పక్కన రాసుంది. దీపం ఎర్రబడలేదు, ఎర్రబడాల్సిన తప్పేం జరగలేదు మరి. ఆ సమాచారం మెయిలుగా కూడా వెళ్ళింది, ఎవరికయ్యా అంటే నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మునిగారికి, ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోయాడు, ఆయన డబ్బాలో ఆ మెయిళ్ళు దిక్కూమొక్కూ లేకుండా పడున్నాయి. తిట్టుకుందామనుకున్నాను, ఓపిక లేక మానేశాను.

తొందరగారికి చెప్పాను. వింటూనే ఆయన మొహం వెలిగింది.

"అయితే ఆ బ్యాటరీ గొడవ లేకుండా, ముందులాగే చకచకా అందిందనేటట్టు చెయ్యలేవా?"

"చెయ్యొచ్చు సార్. బ్యాటరీ ఉన్నా లేకపోయినా అలాగే ఉండమని బలవంతం చేసే వీలుంది."

"మరి చెయ్యవయ్యా! ఇంకా నా మొహం చూస్తావేం?"

"కరెంటు పోతే చేతిలో ఉన్నవన్నీ పోతాయి సార్. అందిందని చెప్పేసి ఉంటాం, లోపల ఉండవు. ఏ పార్సెలు ఎవరిదో దేవుడికే తెలియాలి."

"కింద జనరేటరుంది కదా."

"మొన్న కరెంటు పోయినప్పుడు అది లేచేసరికి మీరు టార్చిలైటుతో మెట్లు దిగారు సార్."

ఆయన కాసేపు నన్నూ సర్వరునీ మార్చి మార్చి చూసి, ఎవర్ని తిట్టాలో తేలక, సరే బ్యాటరీ తెప్పించు, తెచ్చేవాడొచ్చాకే మెషిను ఆపు, ముందే ఆపావో ఊరుకోను అని దిగివెళ్ళిపోయాడు. బ్యాటరీలమ్మేవాళ్ళకి ఫోను చేస్తే వాళ్ళ మనిషి మోటారు సైకిలు మీద బయల్దేరాడు. ఇక నాకు పని లేదు, ఎదురుచూడడం తప్ప. ఎదురుచూడడమూ పనే, నాకు జీతమిచ్చేది సగం దీనికే అని బావ ఎగతాళి చేస్తుంటాడు.

బలవంతం చేసే వీలుంది. పైకి చదివితే ఎంత ముచ్చటైన సదుపాయమో. అందరం అదే కదా చేస్తున్నాం పిచుకని, త్వరగా రాయి, గబగబా రాయి, అందరూ రాసేశారు చూడు, టీచరూ అదే, బావా అదే, నేనూ అదే. దాని వెనక బ్యాటరీ సంగతి ఎవరడిగారు. ఇదిగో, మళ్ళీ ఇంటిని ఇక్కడికి మోసుకొచ్చాను, అక్క నవ్వితే నవ్వనీ. అక్క నవ్వడం మానేసి కూడా చాలా కాలమైంది, ఎప్పట్నుంచి, ఎప్పట్నుంచని కదా ముందు అడగాలి, ఏ మెషినుకైనా మొదటి ప్రశ్న అదే, ఎప్పట్నుంచి ఇలా ఉంది. మందుల షాపులో ఆ పొరపాటు జరిగినప్పట్నుంచి. అక్క మందులిస్తుంది, ఇవ్వడమంటే ఊరికే ఇవ్వడం కాదు, చీటీ చూసి మోతాదు చూసి మనిషిని చూసి ఇస్తుంది, దానికి షాపులో మంచి పేరు. ఒకరోజు ఒకావిడకి గుండె బిళ్ళలు ఎక్కువ మోతాదువి చేతిలో పెట్టింది. ఆవిడ గుమ్మందాకా వెళ్ళి, ఎప్పుడూ ఇచ్చే రంగు కాదమ్మా ఇది అని వెనక్కొచ్చింది. అంతే, ఎవరికీ ఏం కాలేదు, యజమాని కూడా ఒక్క మాట అనలేదు. అక్క ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుల్తోనే మంచం మీద కూర్చుని, ఆవిడ రంగు చూసుకోకపోయుంటే ఏమయ్యేదిరా అంది. ఏం కాలేదుగా అన్నాను. అవ్వలేదు కాబట్టి సరిపోయిందా అంది. పిచుక గుమ్మంలో నిలబడి వింటోంది, చేతిలో పాలగ్లాసుతో.

అప్పట్నుంచే. తలుపు తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తుంది అక్క, లాగి చూసి మళ్ళీ వెళ్తుంది. గ్యాసు కట్టానా అని షాపులోంచి నాకు ఫోను. సరే, అది దాని బాధ. కానీ పిల్లని? పొద్దున ఆ గుమ్మం దగ్గర జరిగేదంతా వరసగా కళ్ళముందు కదిలింది. పుస్తకాలు పెట్టుకున్నావా? పెట్టుకున్నానమ్మా. చూశావా? చూశాను. మళ్ళీ చూడు. సంచి దించడం, విప్పడం, చూడడం, కట్టడం. నీళ్ళ సీసా మూత బిగించావా? బిగించాను. నిజంగా? ఆ నిజంగా అన్నప్పుడు పిల్ల మొహం, అబద్ధమాడినదానిలా అయిపోతుంది, తన చేతిని తనే నమ్మనట్టు మూత విప్పి మళ్ళీ బిగిస్తుంది. అక్క కోప్పడదు, కొట్టదు, నిజానికి అడిగేటప్పుడు దాని గొంతు భలే మెత్తగా ఉంటుంది, భయపడే మనిషి గొంతు అది. అనుమానం పెనుభూతం అంటారు, ఆ భూతం మా ఇంట్లో ప్రేమ గొంతుతో మాట్లాడుతోంది, ఎవరు పోల్చుకుంటారు. తప్పు పోతే ఎవరో చచ్చిపోతారని నేర్చుకుంది పిల్ల. అలాంటప్పుడు రెండో లెక్కకి ఎలా వెళ్తుంది? నేనైనా వెళ్ళను. కళ్ళ డాక్టరుకీ చెవుల డాక్టరుకీ ఇది ఎక్కడ కనపడుతుంది, దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి కదా.

చెప్పాలి. చెప్పకపోతే ఇంకాసేపట్లో అక్క లోపలికెళ్ళి, మీరే పెద్దలు, మీరెలా అంటే అలా అని తలూపేస్తుంది, రేపట్నుంచి పిల్ల మోకాళ్ళు బెంచీకి తగులుతాయి, తాబేలన్న పేరు దానికి స్థిరపడిపోతుంది. చెబితే అక్కకి చెప్పాలి, నీ బిడ్డకి నీ భయమే పట్టిందని. నన్నెత్తుకు తిప్పిన మనిషికి. పడిపోతానేమోనని నన్ను కిందికి దించకుండా తిప్పిందట, అమ్మ చెప్పేది, అక్కకి అప్పుడే ఆ భయముందేమో. ఫోను చేతిలోకి తీసుకున్నాను, పక్కన పెట్టాను. ఇంకో మాటేదైనా దొరుకుతుందేమోనని చూశాను, మెత్తటిది. దొరకలేదు. నా అసలు సంగతేమిటంటే నాకు భయమేసింది, మనిషిని బాధపెట్టే మాట నేను జన్మలో అన్లేదు, మెషిన్లతో బతికేసేది అందుకే. అయినా ఫోను చేశాను.

అక్క వెంటనే ఎత్తింది. "ఎక్కడున్నావురా?"

"రాలేనక్కా, మెషిను వదల్లేను. లోపలికెళ్ళారా?"

"ఇంకా లేదు. పెద్ద టీచరు ఎవరితోనో మాట్లాడుతోంది, బయట కూర్చున్నాం. ఏం చెయ్యమంటావు, ఒప్పేసుకోనా?"

"పిల్లకి రాక కాదక్కా. అయిపోయిందని అనడానికి భయం. తప్పుపోతే ఏమవుతుందోనని. ఆ భయం దానికి బళ్ళో పట్టింది కాదు."

అటువైపు ఎవరో పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తారు. అక్క గొంతు తగ్గించింది. "అంటే, నా దగ్గర పట్టిందంటావా?"

"ఆఁ."

"ఊళ్ళోవాళ్ళందరికీ మందులిచ్చి నా బిడ్డకి రోగమిచ్చానంటావు. అంతేనా? పొద్దస్తమానం ఆ డబ్బాల ముందు కూర్చుని, మనుషులంటే కూడా నీకు..." అక్కడ ఆగిపోయింది. తిట్టనీ, తిట్టడానికైనా ఒక తమ్ముడున్నాడు. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "పొద్దున సంచి మూడుసార్లు విప్పించానురా" అంది, "మూడోసారి అది ఏడుస్తూ విప్పింది. నేనేమో టైమైపోతోందని అరిచాను."

"ఫోను పిచుకకి కూడా వినపడేటట్టు పెట్టక్కా."

పెట్టింది. పిచుక గొంతు దగ్గరగా వచ్చింది. "మావయ్యా."

"ఏడెనిమిదులెంతే? తప్పు చెప్పాలి. ఒప్పు చెప్తే నేనూరుకోను."

బూటు దేనికో కొట్టుకుంటున్న చప్పుడు, టక్కు టక్కుమని. పొద్దున్నించీ ఆలస్యాల్ని కొలుస్తూ కూర్చున్నవాణ్ణి, ఈ ఒక్క ఆలస్యాన్ని మాత్రం కొలవబుద్ధి కాలేదు.

"ఏ తప్పు చెప్పాలి మావయ్యా?"

"ఏదైనా."

"ఏదైనా అంటే... ఏ తప్పైతే కరెక్టు?"

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, గదిలో నేనూ ఫ్యాన్లూ తప్ప ఎవరూ లేరు కాబట్టి రెండూ రానిచ్చాను. అంతలో అక్క అంది, వరండా అంతా వినపడేటంత గట్టిగా.

"పదకొండు!"

"అమ్మా! తప్పు!"

"తప్పే. ఇప్పుడు నీ వంతు."

"...నలభై." తర్వాత చిన్న గొంతుతో, నన్ను కాదు, వాళ్ళమ్మని, "అమ్మా, ఇప్పుడేమవుతుంది?"

అక్క ఏమందో నాకు సరిగ్గా వినపడలేదు, పిల్లని దగ్గరికి లాక్కున్నట్టుంది, ఫోను బట్టల్లో ఒరుసుకుంది. తలుపు తెరుచుకుంది, లోపలికి రండమ్మా అని ఎవరో పిలిచారు, కుర్చీలు జరిగాయి. ఫోను కట్టెయ్యడం అక్క మర్చిపోయింది, నేనూ కట్టలేదు. మెట్ల మీద ఎవరివో అడుగులు, బ్యాటరీ మనిషే అయ్యుంటాడు, చెయ్యి పైకెత్తి గుమ్మంలోనే ఆగమన్నాను. పెద్ద టీచరు మెత్తగా ఏదో మొదలుపెట్టింది. అక్క మధ్యలోనే అందుకుంది.

"మా పాప ఈ తరగతిలోనే ఉంటుందండీ. కొన్నాళ్ళు తప్పులు రాస్తుంది. రాయనివ్వండి."